మా తాంబూలపు పెట్టె అసలుదా, నకిలీదా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయి, పచ్చడి అందరికీ ముట్టిన తరువాత ఎవరో ఒకరు లేచి నాలుగు మాటలు చెప్పడం మన సంఘంలో ఆనవాయితీ. ఈ యేడు ఆ వంతు మాకు వచ్చింది. సాహిత్యం గురించి మాట్లాడేపాటి పాండిత్యం మాకు లేదు. రాజకీయాలు పండుగ పూట వద్దని కార్యదర్శిగారు ముందే చెప్పారు. అందుచేత మా ఇంటి అటక మీద పడివున్న ఒక పెట్టెను గురించి చెప్పదలచుకున్నాము. ఇది వినడానికి చిన్న విషయంగా తోచవచ్చు. కాని మీలో చాలామంది ఇండ్లలో ఇటువంటి పెట్టెనో, పూలకుండీనో, హుక్కా అడుగునో ఏదో ఒకటి వున్నదని మాకు తెలుసు. దాన్ని పాత సామానువాడికి అమ్ముదామా, బీరువాలో పెడదామా అన్న వాదం కూడా కొన్ని ఇండ్లలో నడుస్తూనే వున్నది.

మన కమలనగర్ సంగతి మీకు చెప్పనక్కర లేదు. ఇవాళ్టి రోజుకు ఇక్కడ మూడు పేర్లు. మనం ఉగాది అంటాము. పక్కింటి కన్నడంవారు యుగాది అంటారు. ఎదురింటి మరాఠీవారు గుడి నిలబెట్టి పాడ్వా అంటారు. రైలెక్కి ముందుకు పోతే ఉదగీరు, అది మహారాష్ట్రం. వెనక్కు పోతే భాల్కి, బీదరు. అక్కడినుంచి ఇంకా పోతే జహీరాబాదు, వికారాబాదు, అది మన తెలంగాణం. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఉదగీరూ, నారాయణఖేడూ, మన కమలనగరూ అన్నీ హైదరాబాదు రాష్ట్రంలో ఒకే బీదరు జిల్లాలో వుండేవి. ఆనాడు జిల్లాను మూడు రాష్ట్రాలకు పంచారు. మనలో కొందరు నిజంగా ఊరు విడిచి వచ్చినవారు. కొందరు మాత్రం ఇల్లు కదలకుండానే ప్రవాసులయ్యారు. మా తాతగారు మొదటి తెగవారు. నిజాం రైల్వేలో కొలువు చేసి, ఈ మార్గం మీద బదిలీ అయి వచ్చి, మరి తిరిగి పోలేదు. ఆయన విడిచిపోయిన వస్తువుల్లో ఆ పెట్టె ఒకటి.

అది గుండ్రని తాంబూలపు పెట్టె. రెండు చేతుల దోసిట్లో పట్టేంతటిది. నల్లని ఒంటి మీద వెండి పూలు. దానికి మా ఇంట్లో ఒక కథ వున్నది. ఒక జాగీర్దారుగారి కుటుంబం రైల్లో వెళ్తూ నగల మూట మరిచిపోతే మా తాతగారు భద్రపరచి అప్పగించారనీ, దానికి మెచ్చి ఆ జాగీర్దారుగారు రెండువందల యేండ్ల నాటి ఈ బిద్రీ పెట్టెను బహూకరించారనీ కథ. మేము చిన్నప్పుడు ఈ కథ వినీ వినీ, ఎవరు వచ్చినా మేమే చెప్పేవాళ్లము. చెప్పిన ప్రతిసారీ పెట్టె వయస్సు ఇరవై యేండ్లు పెరిగేదనుకోండి, అది వేరే సంగతి.

కొన్నేండ్ల కిందట దీపావళి ముందు మా వదినగారు ఇత్తడి సామానుతోపాటు ఈ పెట్టెను కూడా చింతపండు వేసి తోమారు. తప్పు ఆమెది కాదు. మన ఆడవారికి తరతరాలుగా తెలిసిన విద్య అది. చింతపండు పడితే ఏ చెంబయినా తళతళలాడుతుంది. బిద్రీ మాత్రం అట్లా కాదు. పులుపు తగలగానే నలుపు విడిచిపోయి, పెట్టె బూడిద రంగుకు దిగింది. వెండి పూలు ఎక్కడున్నవో వెదుక్కోవలసి వచ్చింది. అడుగున అక్కడక్కడ పూలు ఊడిపోయి ఖాళీ గుంటలు కూడా కనబడినవి. అవి మాత్రం చింతపండు చేసిన పని కాదు, ఎప్పటినుంచో వున్నవే. నలుపులో నలుపుగా కలిసిపోయి ఇన్నాళ్లు మా కంటికి ఆనలేదు. ఆ పెట్టె మళ్లీ అటక ఎక్కింది.

తరువాత ఒకనాడు పాత సామాన్లు కొనే వర్తకుడొకడు పట్నం నుంచి వచ్చాడు. పెట్టెను ఇటు తిప్పి అటు తిప్పి, "ఇది బిద్రీ కాదండీ. బిద్రీ అయితే నలుపు పోదు. ఇది సీసం. పైన రంగు వేశారు, అది కాస్తా పోయింది. పూలు కూడా రాలిపోతున్నవి చూడండి. తూకానికి తీసుకుంటాను," అన్నాడు. మా అన్నగారు ఇచ్చేద్దామన్నారు. మేము ఆగమన్నాము. మా మేనత్తగారు, అనగా తాతగారి ఒక్కగానొక్క కూతురు, గుమ్మం దగ్గర నిలబడి, "అది నాకు ఇస్తానని మా నాయన మాట ఇచ్చినాడు," అని ఒక్కమాట అని లోపలికి వెళ్లింది. నకిలీదయితే తూకానికి అమ్మి ఆ డబ్బు పంచుకుంటే తగవు లేదు. అసలుదయితే, అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పెట్టె నిజం తేలితే తప్ప ఇంటి నిజం తేలేటట్టు లేదు.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. మన బజారులో ఒక మిత్రుడి దగ్గర ఇంగ్లండులో తయారైన పాతకాలపు సైకిలు వున్నది. అది అసలుదేనా అని ఎవరడిగినా ఆయన సైకిలును తలకిందులు చేసి, చట్రం మీద కొట్టిన నంబరు చూపిస్తాడు. టైర్లు మారినవి, గొలుసు మారింది, సీటు మారింది, రంగు రెండుసార్లు వేయించాడు. అయినా చట్రమూ, దాని మీది నంబరూ పాతవే కాబట్టి సైకిలు పాతదే అంటాడు. సబబే. కాని మన బిద్రీకి నంబరు లేదు. చేసినవాడి సంతకం పాత వస్తువుల మీద కనబడడం చాలా అరుదు. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే. అది ఇప్పుడు తయారయ్యే సరుకుకు పనికివస్తుందిగాని, మా తాతగారి పెట్టెకు ఏమి సాక్ష్యం చెప్పగలదు? అందుచేత వస్తువునే అడగాలి. వస్తువును అడగాలంటే అది ఎట్లా తయారవుతుందో ముందు తెలియాలి.

బిద్రీ ఒళ్లు వెండి కాదు, ఇనుము కాదు, చాలామంది అనుకునేటట్టు నల్లరాయీ కాదు. అది తుత్తునాగం, ఇప్పుడు మనం జింకు అంటాము. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. దీన్ని గురించి తొలినాళ్లలో వివరంగా వ్రాసిపెట్టినవారిలో బెంజమిన్ హైన్ అనే జర్మను వైద్యుడు ఒకరు. ఈయన మనకు బొత్తిగా పరాయివాడు కాదు. కుంపిణీవారి వృక్షశాస్త్రజ్ఞుడుగా మన గోదావరి సీమలోని సామర్లకోట తోటలో పనిచేసినవాడు. ఆయన ఇచ్చిన లెక్క ఇది: 16 ఔన్సుల రాగి, 4 ఔన్సుల సీసం, 2 ఔన్సుల తగరం కలిపి కరిగించాలి, ఆ మిశ్రమం 3 ఔన్సులకు 16 ఔన్సుల తుత్తునాగం చేర్చాలి. ఇప్పటి పనివారు రాగిపాలు ఇంకా తగ్గించి, సీసం తగరం జోలికి పోకుండా చేస్తారు. ఏమైనా తుత్తునాగం పాలే ఎక్కువ, రాగి కొంచెమే. కాని ఆ కొంచెం రాగి లేకపోతే బిద్రీకి ఆ నలుపు లేదు. ఇది గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

లోహాన్ని మట్టి అచ్చులో పోస్తారు. ఆ మట్టికి ఆముదమూ రాళా కలిపి మెదుపుతారు. పోత చల్లారిన తరువాత ఆకురాయితో రాచి నునుపు చేస్తారు. అప్పుడది వెండివలె తెల్లగా వుంటుంది. తెల్లటి దాని మీద గీత కనబడదు కనుక మైలుతుత్తపు నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద సూదిమొనతో లతలు, పూలు గీస్తారు; అచ్చు లేదు, కాగితం లేదు, చేతివాటమే. తరువాత సన్నని ఉలులతో ఆ గీతల వెంట గాడి తీస్తారు. గాడి మొదట వెడల్పుగా వుండి అడుగుకు సన్నబడకూడదు. అడుగున కొంచెం లోపలికి తొలిచి వుండాలి. అప్పుడే సుత్తితో కొట్టిన వెండి ఆ అంచుల కింద ఇరుక్కుని నిలుస్తుంది. జిగురు లేదు, టంకం లేదు. వెండి తీగను పొదిగితే తారకషీ అంటారు. రేకును పూరేకులవలె కత్తిరించి పొదిగితే తహనిషాన్ అంటారు. పూలు పైకి ఉబ్బెత్తుగా లేచి వుంటే జర్‌బులంద్.

ఇంతవరకు చేసిన వస్తువు మళ్లీ బూడిద రంగుకే వస్తుంది. ఏలననగా మైలుతుత్తపు నలుపు రాపిడిలో పోతుంది. చివరి పని బీదరు కోట మన్నుది. కోటలో ఎండా వానా తగలని పాత గోడల మరుగున వుండే మన్ను తెచ్చి, నవాసారం కలిపిన నీళ్లలో కాచి, వస్తువును వేడిచేసి అందులో ముంచుతారు, లేదా పూస్తారు. చూస్తూ వుండగానే ఒళ్లు కాటుకవలె నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. పనివారు ఆ మన్నును నాలుక మీద వేసుకొని రుచి చూసి మంచిచెడ్డలు తేలుస్తారు. కళ్లతో చూడవలసినదాన్ని నాలుకతో చూస్తారేమిటని మొదట మాకు నవ్వు వచ్చింది. మన ఆడవారు ఉప్పు చాలిందో లేదో పులుసు వాసన చూసి చెప్పడం లేదా?

ఈ పని బీదరులో ఎట్లా మొదలైందంటే, బహమనీ సుల్తానుల కాలంలో ఇరాను నుంచి వచ్చిన పనివారు తెచ్చారని చెప్పుకుంటారు. బహమనీలు గుల్బర్గా నుంచి రాజధాని బీదరుకు మార్చింది పదిహేనవ శతాబ్దిలో. మహమూద్ గవాన్ మదరసా కట్టింది 1472లో. బీదరు పేరే ఈ పనికి పేరయినా, పూర్వం లక్నోలోనూ, బీహారులోని పూర్ణియాలోనూ, ముర్షిదాబాదులోనూ బిద్రీ చేసేవారు. కనుక మన ఇంట్లో వున్నదల్లా బీదరుదే అనుకోవడం కూడా తొందరే. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు బిద్రీ సామాన్లు వెళ్లినవి. 2023లో బీదరు పనివారు షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మన బజారులో కూడా నాలుగు రోజులు ఇదే ముచ్చట. ఆ నాలుగు రోజుల్లోనే మాకు అటక మీది పెట్టె మళ్లీ జ్ఞాపకం వచ్చింది.

ఇప్పుడు వర్తకుడి మాటకు వద్దాము. "బిద్రీ అయితే నలుపు పోదు" అన్నాడు గదా. ఇది పూర్తిగా తలకిందుల మాట. బిద్రీలో అన్నిటికంటె సులువుగా పోయేది నలుపే. మళ్లీ సులువుగా వచ్చేదీ నలుపే. పాత వస్తువును ఎవరైనా పనివాడి దగ్గరకు తీసుకుపోతే కోటమన్నుతో ఒక పూటలో నల్లబరచి ఇస్తాడు. అందువల్ల నిగనిగలాడే నలుపు కొత్తదనానికి గుర్తు కాదు, మాసిన నలుపు పాతదనానికి గుర్తు కాదు. రంగు వేసిన నకిలీ సంగతి వేరు. రంగు పొరవలె పెచ్చులూడుతుంది. గోటితో గీకితే చిన్న రేకువలె లేస్తుంది. బిద్రీ నలుపు లోహం ఒంటిలోనే పుట్టినది కాబట్టి పెచ్చుగా లేవదు. అరిగి, పలచబడి, బూడిద రంగులోకి కలిసిపోతుంది. మా పెట్టె మీద పెచ్చు ఒక్కటీ లేదు.

"సీసం" అన్న మాట మా ఇంట్లోనే తేలిపోయింది. సీసాన్ని కాగితం మీద రాస్తే బూడిదరంగు గీత పడుతుంది. గోరు ఆనిస్తే నొక్కు పడుతుంది. మా పెట్టె కాగితం మీద గీయలేదు. ఈ రోజుల్లో బజారులో దొరికే నకిలీలు సీసంతో చేసేది తక్కువ. అల్యూమినియం పోతపోసి, నల్లరంగు వేసి, వెండిరంగు పూలు అద్దుతారు. దానికి తూకమే చాలు. ఒకే పరిమాణంలో అల్యూమినియం కంటె తుత్తునాగం రెండున్నర రెట్లకు పైగా బరువు. చేతిలోకి తీసుకోగానే ఇంత చిన్న వస్తువు ఇంత బరువా అనిపించకపోతే అనుమానించవలసిందే. ఇంకొకటి: తుత్తునాగం పెళుసు. కింద పడేస్తే సొట్ట పడదు, పగులుతుంది. దీన్ని మాత్రం ఎవరూ పరీక్షించి చూడవద్దని మనవి.

నకిలీని పట్టిచ్చే అసలు చోటు పూల అంచు. మేము హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ గది ముందు ఒక పూటంతా నిలబడ్డాము. ఈ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. అక్కడి హుక్కా అడుగులు చూడండి. గోళంవలె గుండ్రంగా వున్నవి పాత పద్ధతివి. గంట ఆకారంలో వున్నవి తరువాతివి. ఒకే హుక్కా మీద పది పూలుంటే పదీ ఒకే పోలికలో వుంటవి, కాని ఏ రెండూ అచ్చు గుద్దినట్టు వుండవు. ఒక రేకు కొంచెం పొట్టి, ఒక కాడ కొంచెం వంకర. మనిషి చేయి కొలతలో పనిచేస్తుందిగాని అచ్చువలె పనిచేయదు. పోతలోనే పూలు పోసి పైన వెండిరంగు వేసినవాటిలో అంచులు మొద్దుగా, మెత్తగా వుంటవి. ప్రతి పూవూ తన పక్కదానికి కవల. గోరు పెట్టి మెల్లగా అడ్డంగా లాగితే, తహనిషాన్ పనిలో వెండి ఎక్కడ మొదలైందో గోటికి తెలియీ తెలియనట్టు వుంటుంది. రంగు పూలమీద గోరు తట్టుకుంటుంది, లేదా ఏమీ తెలియకుండా జారిపోతుంది. భూతద్దం వుంటే మరీ మంచిది. కంసాలి గీటురాయి కూడా వెండిని చెబుతుంది. కాని పూల మీద రాయి పెట్టి గీకించడం మాకు ఇష్టం లేకపోయింది.

ఇన్ని చూసుకున్నా మాకు ధైర్యం చాలలేదు. చివరకు పెట్టెను పాత ధోవతిలో చుట్టి, అన్నగారినీ మేనత్తనూ వెంటబెట్టుకొని బీదరు వెళ్లాము. చౌబారా దగ్గర పనివారి దుకాణాలున్న వీధి మీకు తెలిసినదే. అక్కడ ఒక ముసలి ఉస్తాదుగారు. పేరు చెప్పవద్దని ఆయనే అన్నారు కనుక చెప్పడం లేదు. తెలుగు కొంత వచ్చు. రానిచోట దక్కనీ ఉర్దూ.

పెట్టె విప్పగానే ఆయన పూలు చూడలేదు, నలుపు ఏదని అడగలేదు. మూత తీసి పక్కన పెట్టి, పెట్టెను తలకిందులు చేసి, మేము ఇన్నాళ్లు దాచుకుంటూ వచ్చిన ఆ ఖాళీ గుంటలను కిటికీ వెలుతురుకు పట్టారు. చాలాసేపు చూసి, "అమ్మా, ఇది చూడండి," అని మేనత్తను దగ్గరకు పిలిచారు. గుంట అడుగున సన్నని గీతలు, ఒకదాని పక్కన ఒకటి, పొలంలో చాళ్లవలె. గోడలు లోపలికి వాలి వున్నవి. "ఇవి ఉలి నడిచిన జాడలు. అచ్చులో పోసిన గుంటకు ఇవి వుండవు. లోపలికి తొలవడం అచ్చుకు చేతకాదు. మీ పెట్టెకు వెండి నిండుగా వుంటే ఇంత తేలికగా చెప్పగలిగేవాణ్ణి కాదు," అన్నారు.

వర్తకుడు ఏ గుంటలు చూపి తూకానికి అడిగాడో ఆ గుంటలే పెట్టె తరఫున సాక్ష్యం చెప్పినవి. మా అన్నగారు మా ముఖం చూశారు, మేము ఆయన ముఖం చూశాము.

తరువాత ఉస్తాదుగారు మూత అందుకున్నారు. మూతకు గుంటలు లేవు, నలుపు కూడా కాస్త మిగిలి వున్నది. మా దృష్టిలో అదే మంచి భాగం. ఆయన తల అడ్డంగా ఊపారు. "మూత బిద్రీయే. కాని ఈ పెట్టెది కాదు. పెట్టె మీద రేకు పని, మూత మీద తీగ పని. పెట్టె మీది లత అంచుదాకా వచ్చి ఆగింది; మూత మీద అది సాగాలి. సాగలేదు. అంచు కూడా ఆకురాయితో మళ్లీ రాచి పట్టించారు." మేము రెండువందల యేండ్ల మాట ఎత్తాము. ఆయన నవ్వారు. "మా తాత కాలం పూలు ఇవి. నూరేండ్లకు అటూ ఇటూ. అంతకంటె కచ్చితంగా చెప్పేవాడు ఎవడైనా వుంటే, వాడికి మీ పెట్టె కొనాలని వున్నది, లేదా మీకు ఏదో అమ్మాలని వున్నది."

జాగీర్దారుగారు వేరే పెట్టె మూతతో బహుమానం ఇస్తారా? ఇవ్వరు. తాతగారు దాన్ని ఏ గుజిలీలోనో బేరమాడి కొని వుంటారు. ఇందువల్ల నగల మూట కథ అబద్ధమని చెప్పలేము. మూట నిజమే కావచ్చు, బహుమానం మరొకటి కావచ్చు. కాని ఇకమీదట వచ్చినవారికి ఆ కథ మునుపటివలె చెప్పే నోరు మాకు లేదు.

ఉస్తాదుగారు మళ్లీ గుంటల వైపు చూసి, "ఒక సంగతి. వెండి తనంతట ఊడలేదు. అంచున ఆరెతో ఎత్తిన నొక్కులున్నవి. ఎవరో కావాలని తీశారు. మెల్లగా, పక్క పూవు చెడకుండా తీశారు. దొంగ అయితే అట్లా తీయడు," అన్నారు.

అప్పుడు మేనత్తగారు చెప్పింది. 1972లో కరువు వచ్చింది. మరాఠవాడాను కాల్చిన కరువే. మన సరిహద్దును కూడా విడిచిపెట్టలేదు. తాతగారు పోయి అప్పటికి రెండేండ్లు. మా నాయనగారికి ఇంకా కొలువు కుదరలేదు. రేషనులో వచ్చిన ఎర్రజొన్న కూడా కొనలేని వారాలు వచ్చినవి. మా నాయనమ్మ రాత్రిపూట దీపం ముందు కూర్చుని, చెప్పులు కుట్టే ఆరె ఒకటి ఎవరినో అడిగి తెచ్చుకొని, పెట్టె అడుగువైపు నుంచి, పైకి కనబడని చోట్ల, ఒక్కొక్క పూవూ ఎత్తిందట. దీపం పట్టుకొని కూర్చున్నది మేనత్త. ఆమెకు అప్పుడు పద్నాలుగేండ్లు. ఉదగీరు వెళ్లి కంసాలికి ఆ వెండి అమ్మి వచ్చేదట నాయనమ్మ. మూడుసార్లు వెళ్లిందట. పెట్టెకు పెట్టె అమ్మితే ఇంకా ఎక్కువ వచ్చేదిగదా అని మేము అడిగాము. "అది నాకు ఇస్తానని నాయన మాట ఇచ్చినాడు గదా, అందుకని అమ్మ పెట్టె వుంచి పూలు తీసింది. మీ నాయనకు కూడా చెప్పొద్దన్నది," అన్నది. ఇన్నేండ్లు చెప్పలేదు. వదినగారు చింతపండు వేసి తోమిన నాడు ఈమె ముఖం ఎందుకట్లా అయిందో మాకు అప్పుడు అర్థమైంది.

ఇక ఆ పెట్టె ఎవరిదన్న ప్రశ్న మా ఇంట్లో మళ్లీ రాలేదు. అన్నగారే పెట్టె తీసి మేనత్త ఒడిలో పెట్టారు.

కాని మరొక ప్రశ్న మిగిలింది. ఉస్తాదుగారు, "నల్లబరచమంటారా? ఖాళీ గుంటల్లో కొత్త వెండి కొట్టమంటారా? రెండూ చేస్తే కొత్తదానివలె వుంటుంది," అని అడిగారు. అన్నగారు వెండి ఖర్చు తాము పెట్టుకుంటామన్నారు. మేము ఆలోచించిన పద్ధతి ఇది: నలుపు తిరిగి పెట్టించడంలో మోసం లేదు, అది ఆ వస్తువుకు సహజంగా జరిగే మరమ్మతు, ఇంటికి సున్నం వేయడం వంటిది. కొత్త వెండి సంగతి అట్లా కాదు. రేపు ఎవరైనా చూస్తే ఏ పూవు పాతదో, ఏ పూవు మొన్నటిదో చెప్పలేరు. తప్పదనుకుంటే కొట్టించవచ్చుగాని, అమ్మేటప్పుడు ఆ మాట దాచడం మాత్రం నకిలీ చేయడంతో సమానమని మా అభిప్రాయం. మేనత్తగారికి ఈ తర్కంతో పనిలేదు. "నల్లగా చెయ్యండి. గుంటలు అట్లే వుండనీయండి," అన్నది. మూత మార్చమన్నామా అంటే, దానికీ ఒప్పుకోలేదు. నూరేండ్లలో సగానికి పైగా ఆ పెట్టెతో కాపురం చేసిన మూతను ఇప్పుడు ఎక్కడికి పంపుతామన్నది.

మన్ను కాగుతూ వుండగా మేము పక్కనే నిలబడి చూశాము. బూడిద రంగు పెట్టె అందులో మునిగి పైకి వచ్చేసరికి, ఇన్నేండ్లూ కనబడకుండా పోయిన పూలన్నీ ఒక్కసారి పైకి తేలినవి. ఖాళీ గుంటలు మాత్రం నల్లగా మిగిలినవి. ఉస్తాదుగారు కూలి తీసుకున్నారు. బేరమాడలేదు, మేమూ ఆడలేదు. ఒక జాగ్రత్త చెప్పారు, అది మీకూ చెబుతున్నాము: బిద్రీకి చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, బూడిద ఏవీ తగలనీయవద్దు. పొడిగుడ్డతో తుడవండి, నలుపు మందగిస్తే గుడ్డకు ఒక్క చుక్క నూనె రాసి మెల్లగా రుద్దండి. వెండి నల్లబడితే వెండిని మాత్రమే మెత్తని గుడ్డతో తుడవాలి. తడిగా వుంచితే తెల్లని పొడివంటిది పడుతుంది, అది తుత్తునాగాన్ని తినేస్తుంది.

పెట్టెలో ఇప్పుడు తాంబూలం లేదు. మేనత్తగారి రక్తపోటు మాత్రలు, కంటి అద్దాలు, మనుమడి చదువు ఫీజు రసీదులు వున్నవి. ఇవాళ మీకు చూపించడానికని వాటిని ఒక సంచిలో పోసి పెట్టెను ఇచ్చింది. సాయంత్రంలోగా తిరిగి ఇవ్వాలి. వెనక బల్లమీద వున్నది. భూతద్దం కూడా పెట్టాము. పెట్టెను తిప్పి అడుగు చూడండి. మీ ఇండ్లలో వున్నవి కూడా తెస్తే వచ్చే ఆదివారం ఇక్కడే కూర్చుని చూద్దాము. పచ్చడి తిన్న చేతులతో మాత్రం ముట్టుకోవద్దని మేనత్తగారు మరీ మరీ చెప్పమన్నారు. అందులో చింతపండు వున్నది.